రాయి వాళ్లకు, గుంత మనకా?

కుప్పం గ్రానైట్‌కు దేశవిదేశాల్లో గిరాకీ. కొండ లేచిపోయిన చోట మనకు మిగిలేది గుంత.

పక్కనే కౌండిన్య అభయారణ్యం. 1990లో ఏర్పడింది, 357 చదరపు కిలోమీటర్లు. ఏనుగుకు సర్వే రాళ్లు తెలియవు. పేలుళ్లకు బెదిరి, కుంటలెండి దారి తప్పితే మన వరి మడిలోకి, మామిడి తోటలోకి వస్తుంది. పంట రైతుది పోతుంది. ప్రాణం ఇద్దరిదీ పోతుంది.

చట్టం లేదా? అభయారణ్యం హద్దుకు కిలోమీటరు లోపు తవ్వకాలు కూడదని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. తీసిన పైమట్టిని దాచి, తవ్విన నేలను బాగుచేయాలని 1999 గ్రానైట్ నిబంధనలు చెబుతున్నాయి. కాగితం మీదున్నది కొండ మీదికి ఎందుకు రాదు?

2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులొచ్చాయి. మంచిదే. అవి మందను మళ్లిస్తాయి, మేత మొలిపించవు.

క్వారీ కూలీల పొట్ట కొట్టమని మేం అనడం లేదు. గుంతలు పూడ్చడం, వెదురు, రావి, మర్రి నాటడం, కుంటలు తీయడం కూడా వాళ్లకు పనే. సీనరేజి సొమ్ములో వాటా అందుకివ్వాలి. ఎంత తవ్వారో, ఎంత పూడ్చారో ప్రతి పంచాయతీలో బోర్డు పెట్టాలి.

శ్రీబాగ్ ఒప్పందం నాటి నుంచి, అంటే 1937 నుంచి, సీమ లెక్క అడుగుతూనే ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఒక్క గొంతై ఈ కొండల లెక్కా అడగాలి. సొంత రాష్ట్రం వచ్చేనాటికి ఏలుకోవడానికి కొండలు మిగలాలి కదా!