మిల్లు మూయుటకు ముందు

ప్రతి వేసవియందును గుంటూరు మిర్చి యార్డునకు సెలవులిత్తురు. ఆ సెలవుల తేదీలను ముందుగనే చాటుదురు. అది విన్న రైతు టిక్కీలను లారీకెత్తింపక శీతల గిడ్డంగిలో చోటు చూచుకొనును. మిరపకాయకు జరుగు నీపాటి మర్యాద యిరువదియేండ్లొక యంత్రముకడ నిలిచిన మనుష్యునకు జరుగవలదా?

ఇది పట్టణపు కూలీల గొడవ, మనకేల యను సోదరులు కలరు. వారికి కాగజ్‌నగరము సంగతి మనవి చేసెదము. 1938లో స్థాపింపబడిన సిర్పూరు పేపరు మిల్లునుబట్టియే ఆ యూరికి పేరు వచ్చినది. 2014 సెప్టెంబరులో అందు ఉత్పత్తి నిలిచెను. 2018లో జె.కె. పేపరు కంపెనీ దానిని తీసికొనువఱకు కార్మికులకు పనిలేదు. ఇంటివానికి అద్దె రాలేదు, కిరాణాకొట్టున అప్పు తీరలేదు. మన ప్రకాశము, గుంటూరు మెట్టలలో సుబాబులు వేసినవారికిని ఇందు భాగము కలదు. ఆ చెట్టు కోతకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టును. కొను మిల్లు ఒకటి తగ్గెనా, బేరమాడు బలము అంతమేర తగ్గును.

చట్టము లేకపోలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి పారిశ్రామిక సంబంధముల స్మృతి అమలులోనికి వచ్చినది. ఏడాది ఎడతెగక పనిచేసినవానిని తగ్గింపు పేరిట తీసివేయవలెనన్న, కారణము తెలుపుచు ఒక నెల ముందు వ్రాతమూలకముగ నోటీసు, లేదా ఆ నెల వేతనము ఈయవలెను. నిండిన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము వేఱు. ఏబదిమందికి తక్కువకాని సంస్థను మూయదలచినచో 60 దినముల ముందు ప్రభుత్వమునకు తెలుపవలెను. మూడు నెలల నోటీసు, ప్రభుత్వానుమతి యను గట్టి కట్టడి 300 మంది గల ఫ్యాక్టరీలకే. పాత చట్టమున 100 మందియున్న చాలును. ఈ మార్పు మాకు సమ్మతము కాదు.

అంతకన్న మనకు దగ్గఱి సంగతి యొకటి కలదు. ఏడాది సేవ యనగా 240 పనిదినములు. జిన్నింగు మిల్లున పత్తి వచ్చు నాలుగైదు నెలలే పని. మిరప తొడిమలు తీయు స్త్రీలకును అంతియే. వీరి కా లెక్క యెన్నడు నిండును? మొన్నటి సీజనులో, పేరు చెప్పనక్కఱలేని యొక మిల్లు వాకిట, సద్దిమూటలతో వచ్చిన స్త్రీలు తాళము చూచి మరలుట మేము కన్నులార చూచితిమి. అందు కొందఱు మన సభ్యుల యిండ్లవారే. ఆ వారము మా గ్రామములందు మిరపకోతకు మనుష్యులు చాలక రైతులు వెదకుచుండిరి!

రాబడి యెప్పుడాగునో మాకేమి తెలియునని యజమానులందురు. పెరటిలో మిగిలిన పత్తి కుప్పను చూచిన గుమాస్తాకు ఇంక నెన్నిదినముల పనియో తెలియదా? కావున జిన్నులు, గిడ్డంగులు నడపు మన సహకార సంఘములు పని ముగియు తేదీని పదునైదు దినముల ముందు గేటుకడ పలకమీద వ్రాయించి, హాజరుపట్టీ నకలు కూలీలకిచ్చునట్లు రాబోవు మహాజనసభలో తీర్మానింపవలెను. ఖర్చు సుద్దముక్కకే గదా. తీర్మానము ప్రతిపాదింపదలచిన సభ్యులు అజెండా వెలువడక మునుపే కార్యదర్శికి వ్రాసి యీయవలెను.