వాన పడుతూనే ఉంది

మొన్న సంక్రాంతికి ఊరెళ్లేసరికి మా పిన్ని వీధి అరుగు మీద నిలబడి పాత ఇనప సామాన్లవాడితో బేరమాడుతోంది. బేరం దేనికంటే, డాబా మీదున్న పెద్ద డిష్‌కి.

‘‘అంత పళ్లేనికి ఇంతేనా అయ్యా?’’ అంటోంది పిన్ని.

‘‘అమ్మా, అది ఇనుం కాదు, ఫైబరు. దాన్ని నేనేం చేసుకోను? స్టాండుకైతే డబ్బులిస్తా’’ అంటున్నాడు వాడు.

లోపల పడక్కుర్చీలో మా బాబాయి పేపరు చదువుతున్నాడు. చదవట్లేదని నాకు తెలుసు. పావుగంట నుంచీ అదే పేజీ.

ఆ డిష్ కథ తెలియాలంటే 2004కి వెళ్లాలి. తెనాలి దగ్గర మా పల్లెటూళ్లో అప్పట్లో చినుకు పడితే ఫోన్లు మూగబోయేవి. బాబాయి ఉద్యోగం మానేసినప్పుడు చేతికొచ్చిన డబ్బంతా పోసి ముందు గదిలో ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, డాబా మీద నాలుగడుగుల డిష్. ఇంటర్ ఫలితాలొచ్చిన రోజున వీధి చివరిదాకా సైకిళ్లే. అమెరికాలో ఉన్న కొడుకుతో మాట్లాడటానికి ముసలమ్మలు కొంగు సవరించుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ‘హలో’ అంటే అటునుంచి ‘హలో’ రావడానికి అర సెకను పట్టేది. పాపం, ఆ మాట 36 వేల కిలోమీటర్లు పైకి ఎక్కి, మళ్లీ అంత దూరమూ దిగాలి కదా! జవాబు కూడా అదే దారిన రావాలి.

తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ఇంటర్నెట్ అందరి జేబుల్లోకీ వచ్చేసింది. సెంటర్ మూతపడింది. కంపెనీవాళ్లు వచ్చి లోపలి పెట్టె పట్టుకెళ్లారు. ‘డిష్ మాకొద్దు, మీరే ఉంచుకోండి’ అన్నారు. పిన్ని దాని కాడకి తాడు కట్టి బట్టలారేసేది. బాబాయి మాత్రం ఆ తర్వాత డాబా ఎక్కడం తగ్గించేశాడు.

ఇప్పుడు అమ్మకం ఎందుకొచ్చిందంటే, కేబుల్ బిల్లు. నెలకి మూడొందలు. ఏడాదికి మూడువేల ఆరొందలు. కౌలు డబ్బుల మీద బతికే ఇద్దరికి అది చిన్న మాటేం కాదు. రెండు నెలల బాకీ పడేసరికి వైరు కత్తిరించారు. పిన్ని సాయంత్రాలు టీవీ కోసం ఎదురింటికి వెళ్తోంది. డిష్ అమ్మిన డబ్బుతో బాకీ తీర్చాలని ఆవిడ ఆలోచన.

నాకు నవ్వొచ్చింది, బాధా వేసింది. వాన కురుస్తుంటే బిందె అమ్మి నీళ్లు కొనుక్కున్నట్టుంది.

ఎందుకంటే, డిష్ అనేది అద్దం లాంటిది. అంతకుమించి ఏమీ కాదు. దానికి ఇంటర్నెట్ తెలీదు, టీవీ తెలీదు, ఏ కంపెనీదో అసలే తెలీదు. పైనుంచి పడిన తరంగాలన్నింటినీ ముందున్న ఒక్క చోటికి చేర్చడమే దాని పని. ఆ చోట మూతి పెట్టి వాటిని పట్టుకునే చిన్న పరికరం ఎల్‌ఎన్‌బీ. పాతబడేది ఎల్‌ఎన్‌బీ, లోపలి పెట్టె, కంపెనీతో ఒప్పందం. పళ్లెం సొట్టపడనంత కాలం, వంకర పోనంత కాలం అది కొత్తదే.

ఇక వాన సంగతి. 2004 డిసెంబరులో, అంటే బాబాయి సెంటర్ తెరిచిన ఏడాదే, దూరదర్శన్ ‘డీడీ డైరెక్ట్ ప్లస్’ మొదలుపెట్టింది. 33 ఛానళ్లు, నెల చందా లేకుండా. ఇప్పుడు దాని పేరు డీడీ ఫ్రీ డిష్. ఛానళ్లు వందల్లోకి చేరాయి. 2015లో పైకెళ్లిన మన జీశాట్-15 నుంచి అవి వస్తాయి. అది భూమధ్యరేఖకి నేరుగా పైన, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన ఇళ్లన్నింటి మీదా ఆ వాన ఇరవై ఏళ్లుగా పడుతూనే ఉంది. బిందె బోర్లించి ఉంది, అంతే.

మనకిది కొత్త కూడా కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో 6 రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించింది. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఆ పల్లెల్లో పెట్టిన పదడుగుల డిష్‌లు దేంతో చేశారో తెలుసా? కోళ్ల గూళ్లకి కట్టే ఇనప వలతో! అద్దం పనికి ఆ వలే సరిపోయింది. మరి మన ఫైబరు పళ్లెం ఎందుకు సరిపోదు?

సామాన్లవాణ్ని పంపించేసి, తెనాలి నుంచి డిష్‌లు బిగించే కుర్రాణ్ని పిలిపించాను. బాబాయి అప్పుడు పేపరు మడిచాడు.

మొదటి పని, పాత ఇంటర్నెట్ మూతిని పూర్తిగా విప్పేయడం. టీవీ డిష్‌కీ దానికీ పెద్ద తేడా ఉంది. టీవీ డిష్ వినడమే చేస్తుంది. ఇంటర్నెట్ డిష్ తిరిగి మాట్లాడుతుంది కూడా. అంటే తరంగాలు పైకి పంపే పరికరం దాని ముందు ఉంటుంది. మీ ఇంట్లో లోపలి పెట్టె ఇంకా ఉంటే, దాని ప్లగ్గు పీకేసి కేబుల్ ఊడదీశాకే డిష్ ముందుకి వెళ్లండి. డిష్ కంపెనీదైతే వాళ్లని అడిగాకే చెయ్యి వెయ్యండి.

ఆ పాత మూతి టీవీ పెట్టెతో కలవదు. దాని స్థానంలో టీవీ డిష్‌లకి పెట్టే మామూలు ఎల్‌ఎన్‌బీ బిగించాలి. పెట్టె సెట్టింగుల్లో దానికి 9750, 10600 అనే అంకెలు ఉంటాయి. పాత మూతి సరిగ్గా ఎక్కడ తెరుచుకుని ఉండేదో కొత్తదీ అక్కడే ఉండాలి. రెండంగుళాలు అటూ ఇటూ అయితే అద్దం చేర్చిన వెలుగు పక్కన పడుతుంది. విప్పేముందు బాబాయి ఒక కొబ్బరి ఈనెతో ఆ దూరం కొలిచి దాచాడు. ఆ ఈనే మమ్మల్ని గట్టెక్కించింది.

రెండో పని, దిక్కు. మా ఊరి నుంచి జీశాట్-15 ఆగ్నేయం వైపు, దిక్సూచిలో 141 డిగ్రీల దగ్గర, నేల నుంచి 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్ నుంచైతే 138, 63. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 66 డిగ్రీలంటే దాదాపు నడినెత్తికి దగ్గర కదా అని పళ్లేన్ని ఆకాశంలోకి వెల్లకిలా పడుకోబెడతారు. కానీ ఈ డిష్‌లు ఎదురుగా చూస్తున్నట్టు కనబడుతూ ఇరవై డిగ్రీలకి పైగా ఎత్తుకి చూస్తాయి. కాబట్టి పళ్లెం మనం అనుకున్నదానికంటే నిటారుగానే ఉండాలి. ఇవన్నీ తలనొప్పి అనుకుంటే, వీధిలో ఎవరింటి మీదైనా ఫ్రీ డిష్ ఉందేమో చూడండి. అది ఎటు తిరిగి ఉంటే మీదీ అటే.

మూడోది, ఎల్‌ఎన్‌బీ మెలిక. దాన్ని నిటారుగా బిగిస్తే చాలదు. మన ప్రాంతంలో పక్కకి దాదాపు 40 డిగ్రీలు తిప్పాలి. ఎటువైపో పెట్టె చెబుతుంది. ‘క్వాలిటీ’ అనే గీత ఎటు తిప్పితే పెరుగుతుందో అటే.

పెద్ద డిష్‌తో ఒక సుఖం, ఒక కష్టం. రెండడుగుల డిష్ కంటే నాలుగడుగులది నాలుగు రెట్లు ఎక్కువ తరంగాలు పడుతుంది. కానీ దాని చూపు సన్నం. కాస్త గురి తప్పినా తెర మీద బొమ్మ రాకపోవచ్చు. కుర్రాడు డాబా మీద, నేను మెట్ల మీద, పిన్ని టీవీ ముందు. ‘‘వచ్చిందా?’’ ‘‘రాలా!’’ ‘‘ఇప్పుడో?’’ ‘‘ఇప్పుడూ లా!’’ పాత రోజుల్లో యాంటెన్నా తిప్పిన ఇళ్లన్నింటికీ తెలిసిన సంభాషణే.

గంటన్నర అయ్యాక బాబాయి లేచాడు. ఎన్నాళ్లకో డాబా ఎక్కాడు. కుర్రాణ్ని పక్కకి జరగమని, నట్టు వదులుచేసి, పళ్లేన్ని అరచేత్తో అంగుళంలో పావు వంతు నెట్టాడు. కింద నుంచి పిన్ని కేక. ‘‘ఏమండోయ్, వచ్చింది!’’

2004లో దాన్ని బిగించినప్పుడు పక్కన నిలబడి చూసింది ఆయనే కదా. చెయ్యి మరిచిపోలేదు.

ఎల్‌ఎన్‌బీ, పెట్టె, కేబుల్, కుర్రాడి కూలీ అన్నీ కలిపి రెండువేల లోపే అయ్యాయి. మీ డాబా మీద రీఛార్జి మానేసిన చిన్న డీటీహెచ్ డిష్ ఉంటే ఖర్చు ఇంకా తక్కువ. చాలాసార్లు ఎల్‌ఎన్‌బీ కూడా మార్చక్కర్లేదు. దిక్కు మార్చి, కొత్త పెట్టె పెడితే చాలు. పాత కంపెనీ పెట్టె మామూలుగా దీనికి పనికిరాదు. కొనేటప్పుడు ఎంపెగ్-4 పెట్టే అడగండి. చవగ్గా వస్తుందని పాత ఎంపెగ్-2 పెట్టె తెచ్చుకుంటే సగం వాన బయటే పోతుంది. మీ టీవీ వెనక ‘శాటిలైట్’ కేబుల్‌కి చోటుంటే, ముందు దాన్ని ప్రయత్నించాకే పెట్టె కొనండి. డాబా పిట్టగోడ అంచున, కరెంటు తీగల దగ్గర మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. తెలిసినవాళ్లనే ఎక్కించండి.

ఇక నిజం దాచకూడదు. పిన్ని సీరియల్ ఇందులో రాదు. ఫ్రీ డిష్‌లో హిందీ జోరు ఎక్కువ, తెలుగు ప్రైవేటు ఛానళ్లు చాలా తక్కువ. వచ్చేవి డీడీ సప్తగిరి, యాదగిరి, వార్తలు, పాత పాటలు, పొలం కబుర్లు, ఆకాశవాణి రేడియో, బోలెడన్ని పాఠాల ఛానళ్లు. పాఠాలని తేలిగ్గా తీసేయకండి. 2020లో బడులు మూతపడ్డప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి పిల్లలకి పాఠాలు చెప్పింది దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లే. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకి అప్పుడు టీవీయే బడి.

సీరియల్ వేళకి పిన్ని ఇప్పటికీ ఎదురింటికే వెళ్తోంది. ఆ మాట బాబాయి నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. దాంతోపాటు ఇంకో సంగతీ చెప్పాడు.

ఈమధ్య ఓ గాలివాన రోజు ఊళ్లో కేబుల్ తీగలు తెగిపోయాయట. చిన్న డిష్‌లున్న ఇళ్లలో వాన ధాటికి తెరలు నల్లబడ్డాయట. కరెంటు మాత్రం అదృష్టవశాత్తూ ఉంది. నాలుగడుగుల పళ్లెం కదా, మా పిన్ని టీవీలో బొమ్మ ఆగలేదు. తుఫాను ఎటు పోతోందో తెలుసుకుందామని ఎదురింటావిడ, పక్కింటివాళ్లు, ఆ వెనకవాళ్లు అందరూ గొడుగులు వేసుకుని వచ్చి ముందు గదిలో కూర్చున్నారట. ఒకప్పుడు మూడు కంప్యూటర్లున్న గదిలోనే.

‘‘చాలా ఏళ్ల తర్వాత మళ్లీ సెంటర్ తెరిచినట్టుందిరా’’ అన్నాడు బాబాయి.