ఐదు లోపు

రోజూ పొద్దున్నే రిజిస్టర్‌లో రంగు గడిలో ‘5 లోపు’ అని రాసేవాళ్లం. తాగునీటి రంగు 5 హేజెన్ యూనిట్లు దాటకపోతే చాలు, ప్రమాణం సరిపోయినట్టే. అసలు విలువ రెండైనా నాలుగైనా రాత ఒకటే. పైవాళ్లెవరూ తప్పనలేదు. ముప్పై ఏళ్లు నీటి పరీక్షలు చేసి రిటైరయ్యాక చెబుతున్నాను, అది తప్పే. రెండు నాలుగవడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ రాత మింగేసింది. నా ఒక్కడి చేతిరాతే కాదు, నాతో పనిచేసిన కెమిస్టులందరిదీ.

ఆకులూ గడ్డీ వేళ్లూ నేలలో కుళ్లి, వానకు నాని, డికాషన్ దిగినట్టు దిగి వాగుల్లోకీ చెరువుల్లోకీ చేరతాయి. వడగట్టినా పోకుండా నీటిలో మిగిలే ఆ సారంలో ఉన్నదే కరిగిన సేంద్రియ కర్బనం. బీఓడీ చూస్తున్నాం కదా, అందులో ఇదీ వచ్చేసిందని సరిపెట్టుకున్నాం. బీఓడీ అంటే మూడు రోజుల్లో సూక్ష్మజీవులు తినగలిగినదాని లెక్క. మట్టిలోంచి దిగిన ఈ గోధుమరంగు పదార్థంలో చాలా భాగాన్ని అవి మూడు రోజుల్లో ముట్టనే ముట్టవు. అది తెలిసీ సంతకాలు పెట్టాం.

ఆనవాళ్లు లేక కాదు. ఏటేటా తొలకరి నీటికి పటిక ఎక్కువ పట్టేది, క్లోరిన్ కూడా. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. మిగలకపోతే మోతాదు పెంచమనేవాణ్ని, మిగిలితే టిక్కు పెట్టేవాణ్ని. మిగతా క్లోరిన్‌ను ఏది తినేస్తోందని అడగలేదు. తింటున్నది ఈ సేంద్రియ పదార్థమే అయితే, ఆ కలయికలో క్లోరోఫామ్ వంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయని 1974లోనే రాటర్‌డామ్‌లో యోహానెస్ రూక్ చూపించారు. మన ప్రమాణాల్లోనూ క్లోరోఫామ్‌కు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు ఉంది. క్లోరిన్ మానేయమని నేననను, మానితే కలరా వస్తుంది. క్లోరిన్ కలిపే ముందే నీటిలోంచి ఆ సారాన్ని తగ్గించాల్సింది. తగ్గించాలంటే ముందు అదెంతుందో తెలియాలి.

బ్రిటన్‌లో ఆమ్లవర్షాల ప్రభావం చూడటానికి 1988లో 22 చెరువులూ వాగులూ ఎంచుకుని పరీక్షలు మొదలుపెట్టారు. వాళ్ల గురి ఆమ్లం మీదే. అయినా పక్క గడిలో కర్బనాన్నీ వదలకుండా అంకెల్లో రాశారు. పన్నెండేళ్ల లెక్క తీస్తే అది 65 శాతం పెరిగిందని 2001లో బయటపడింది. భూమి వేడెక్కడం వల్లేనని మొదట అనుకున్నారు. 2007లో యూరప్, ఉత్తర అమెరికాల్లోని 522 చోట్ల రికార్డులు కలిపి చూసినవారికి వేరే కారణం కనిపించింది. గాలిలోంచి నేలకు దిగే గంధకం తగ్గేసరికి, అప్పటిదాకా మట్టి పట్టి ఉంచిన సేంద్రియ పదార్థం కరగడం మొదలైంది. అంటే అక్కడ నీళ్లు రంగెక్కడం కొంతవరకు వాటి పాత స్థితికి తిరిగి రావడమే. ఒక రోజు తెచ్చిన సీసాలో ఇంత కథ దొరకదు. ఏళ్ల తరబడి విసుగులేకుండా అంకె వేసిన మనుషులుంటేనే దొరుకుతుంది.

కర్బనం కొలిచే యంత్రం లేదని మేం చెప్పుకునేవాళ్లం. లేని మాట నిజమే. రంగుకు మాత్రం ఏ యంత్రమూ అక్కర్లేదు. నెస్లర్ గొట్టాలు పక్కపక్కన పెట్టి పైనుంచి చూస్తే చాలు. కంటికి 2 కనిపించేది, చేయి ‘5 లోపు’ అని రాసేది. మా జలాశయం అసలు రంగేమిటని ఈరోజు ఎవరైనా అడిగితే నా దగ్గర ఆ ‘లోపు’ తప్ప ఏమీ లేదు.

పదేళ్లు దాటిన రిజిస్టర్లను తూకానికి వేయాలని తీర్మానించిన కమిటీలో నేనూ ఉన్నాను. మాకు ముందు తరం కెమిస్టులు రోజువారీ రంగును అంకెల్లో రాసిపెట్టిన పుస్తకాలు కూడా ఆ కట్టల్లో ఉన్నాయి. ఒకటి తీసి నాలుగు పేజీలు తిప్పాను. చేతిరాత ఎంత బాగుందో అనుకున్నాను. మళ్లీ కట్టలో పెట్టి, సంతకం చేశాను.