మతం గడిలో రాసే మాట

1788లో తొలి నౌకాదళంతో సిడ్నీ రేవుకు వచ్చిన పాదిరి రిచర్డ్ జాన్సన్, ఖైదీల వెంట ప్రభుత్వం పంపిన ఉద్యోగి. 1793లో ఆయన తన ఖర్చుతో కట్టించిన మొదటి ప్రార్థనామందిరం ఐదేళ్ళకే కాలిపోయింది. నిప్పుపెట్టింది ఖైదీలేనని నాటివారి అనుమానం. ఆయన తరువాత వచ్చిన శామ్యూల్ మార్స్‌డెన్ పాదిరీ, కొరడాదెబ్బల శిక్షలు విధించిన మేజిస్ట్రేటూ కూడ. 1836 చట్టంతో న్యూ సౌత్ వేల్స్‌లో ఆంగ్లికన్, కాథలిక్, ప్రెస్బిటేరియన్ గురువుల జీతాలకు ఖజానా సొమ్ము అందింది. రోమను సామ్రాజ్యంలో మూడు శతాబ్దాల కష్టాల తరువాత క్రైస్తవానికి దక్కిన రాజాదరణ, ఇక్కడ మొదటిరోజే దానితోపాటు ఓడ దిగింది.

అలా వచ్చిన మతాన్ని ఆస్ట్రేలియా ప్రజలు పెద్దగా పోట్లాడకుండానే వదిలివేస్తున్నారు. 1911లో నూటికి 96 మంది క్రైస్తవులమన్నారు, 2021లో 43.9 శాతమే. మతం లేదన్నవారు 38.9 శాతం. పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాల గురించి రాయల్ కమిషన్ 2017లో ఇచ్చిన తుది నివేదిక చర్చి వ్యవస్థల పరువును నిలువునా తీసిందన్నది నిజమే. కాని ఈ కదలిక అంతకుముందే మొదలైంది. 1966 జనగణనలో మతం లేదన్నవారు నూటికి ఒక్కరైనా లేరు. మతం లేనివారు ఆ మాటే రాయాలన్న సూచన 1971 పత్రంలో చేరగానే ఆ సంఖ్య 6.7 శాతమైంది. ఐదేళ్ళలో అంతమంది దేవుణ్ణి విడిచారనుకోవడంకంటే, అంతవరకు అలవాటుగా తాతల శాఖ పేరు రాస్తూ వచ్చారనుకోవడమే సబబు.

ఈ లెక్కలను హేతువాద విజయంగా చదివి, అదే సూత్రాన్ని తెలుగునేలకు వర్తింపజేయడం మాత్రం తొందరపాటు. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో కూలి కల్పించిన జాన్ క్లఫ్, తిండి ఆశతో మతం మారారన్న నింద రాకూడదని బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అత్యధికులు మాదిగలు. ఊరిబయట ఉంచినవారికి చర్చి సర్కారు కార్యాలయం కాదు. పలక పట్టించిన చోటు.

పైగా అక్కడ మతం గడికి ఖరీదు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కింద అతనికి మిగిలేది ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఆదివారం చర్చిలో కూర్చునేవారు ఎందరో కాగితాల్లో హిందువులు. ఏ దేశంలోనైనా ఆ గడి విశ్వాసాన్ని కొలవదు. గడి నింపినందుకు ఏం పోతుందో, ఏం దక్కుతుందో చెబుతుంది.

నేడు సిడ్నీ, మెల్బోర్న్ శివార్లలో తెలుగు ఆరాధనలు జరుగుతున్నాయి. అక్కడి పిల్లలు పెద్దయ్యాక తోటివారిలాగే మతం లేదని రాయవచ్చు. వారికి అడ్డేమీ లేదు. ముత్తాతలు గుండ్లకమ్మ దాకా ఎందుకు నడిచివెళ్ళారో వారికి ఎవరైనా చెప్పారా అన్నదే సందేహం.