కళ్లం కనిపిస్తే ఇంజిన్ ఆపండి

ఆఫ్‌రోడ్ అనగానే మనలో చాలామందికి లడఖ్, స్పితి గుర్తొస్తాయి. లీవులు దాచుకోవాలి, డబ్బులు దాచుకోవాలి, ఫ్రెండ్స్ అందరికీ ఒకేసారి కుదరాలి. ఇవేవీ లేకుండా మన పల్నాడులోనే దాదాపు రోజంతా తారు తగలకుండా బండి నడపొచ్చు. డొంకలు తెలిస్తే చాలు.

సిటీలో పెరిగిన వాళ్ల కోసం చెప్తున్నా: డొంక అంటే చేల మధ్య నుంచి పోయే మట్టిబాట. ఒకప్పుడు ఎడ్లబళ్లు తిరిగేవి, ఇప్పుడు ట్రాక్టర్లు, కూలీల ఆటోలు తిరుగుతున్నాయి. ఫోన్ మ్యాప్‌లో చాలావరకు కనిపించవు. ఊరి రెవెన్యూ మ్యాప్‌లో మాత్రం డొంక పోరంబోకు అని ఉంటుంది. అంటే అది ఎవరి సొంతమూ కాదు, ఊరందరి దారి. మనకు ఆఫ్‌రోడ్, వాళ్లకు అదే రోడ్డు.

మార్చిలో ఒక శనివారం నరసరావుపేట నుంచి మాచర్లకు ఒంటరిగా వెళ్లా. తారు రోడ్డు మీదైతే రెండు గంటల పని. డొంకలు, కాలువ గట్లు పట్టుకుని కారంపూడి మీదుగా పోతే ఏడు గంటలు పట్టింది. తెల్లారకముందే ఐదున్నరకి బయల్దేరా. ఎండాకాలం టెంపరేచర్ వార్తల్లో ముందు వినిపించే రెంటచింతల ఈ జిల్లాలోనే ఉంది మరి! మధ్యాహ్నానికల్లా నీడ పట్టున ఉండాలన్నది నా రూల్.

ఈ సీజన్లో పల్నాడు చూడాలి. వేపచెట్లు చిగురేసి ఉంటాయి. పత్తి తీసేసిన చేలల్లో కట్టె ఎండి నిలబడి ఉంటుంది. పొద్దున్నే గాలికి ఎండుమిరప ఘాటు హెల్మెట్‌లోకి కూడా వస్తుంది. నేల మాత్రం ఓపికను పరీక్షిస్తుంది. కాసేపు పగుళ్లిచ్చిన నల్లరేగడి, కాసేపు నాపరాళ్లు. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుని, ఫుట్‌పెగ్స్ మీద నిలబడి, సెకండ్ గేర్‌లో పోతుంటే బండే దారి వెతుక్కుంటుంది. స్పీడ్ ఇరవై దాటదు. అయినా ఒళ్లంతా చెమటే.

కారంపూడి ఇంకా కొంత దూరం ఉందనగా డొంక పక్కనే మిరప కళ్లం కనిపించింది. పట్టాల మీద ఎకరం మేర ఎర్రగా కాయ ఆరబోసి ఉంది. ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఇంజిన్ ఆపేసి బండి దిగి నెట్టుకుంటూ నడిచా. కళ్లం దగ్గరున్న పెద్దాయన నవ్వాడు.

"ఏం బాబూ, పెట్రోలు అయిపోయిందా?"

"లేదు బాబాయ్, దుమ్ము లేస్తదని."

ఆయన చెంబుతో మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. "కాయ మీద దుమ్ము కనపడితే చాలయ్యా, కొనేవాడికి రేటు తగ్గించడానికి ఒక సాకు దొరుకుద్ది" అన్నాడు. ఆయనది కౌలు చేను. కోత కూలీ, మందులు, కౌలు అన్నీ పోను ఏం మిగులుతుందో గుంటూరు యార్డుకి టిక్కీలు చేరేదాకా తెలీదట.

ఆ మాట ఊరికే అన్నది కాదు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే, మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆర్నెల్లకు పైగా పెంచిన పంట అది. ఆరబెట్టే ఆ కొద్ది రోజుల్లో మన బండి లేపే దుమ్ము మనకు రీల్‌లో సినిమాటిక్‌గా ఉంటుంది. పట్టా మీద పడితే మాత్రం ఇంకొకరి జేబుకి చిల్లు.

కారంపూడిలో నాగులేరు పక్కన ఆగి ఇడ్లీ తిన్నా. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన నేల ఇది. కోడిపందెం, బ్రహ్మనాయుడు, నాగమ్మ కథలు మనందరం విన్నవే. ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇక్కడ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. నాకు కత్తుల కంటే చాపకూడు ఎక్కువ నచ్చుతుంది. కులం చూడకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని చెప్పే కథ అది. పెద్దాయన చెంబు ఇంకా గుర్తుండటం వల్లేమో, డొంక కూడా అలాంటి చాపే అనిపించింది. అందరూ వాడుకోవచ్చు, ఎవరూ కాళ్లు చాపి ఆక్రమించకూడదు. కానీ చాలాచోట్ల రెండు పక్కలా చేలు జరిగి జరిగి, ట్రాక్టర్ ఎదురొస్తే తప్పుకోవడానికి కూడా చోటు ఉండట్లేదు.

దుర్గి దాటి మాచర్ల చేరేసరికి పన్నెండున్నర. అక్కణ్నుంచి నల్లమల వైపు బాటలు బాగా ఊరిస్తాయి. కానీ అటువైపు నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ ఉంది, దేశంలోనే అతి పెద్దది. అనుమతి లేకుండా లోపలికి పోవడం అడ్వెంచర్ కాదు, కేసు. నేను చెన్నకేశవస్వామి గుడి దగ్గర నీడలో కూర్చుని రైడ్ ముగించా.

మీరూ ఒంటరిగా వెళ్తానంటే కొన్ని మాటలు. సర్కారు తుమ్మ ముల్లు ఎలాంటి టైర్‌నైనా దించేస్తుంది, పంక్చర్ కిట్, చిన్న పంపు తప్పనిసరి. నాలుగు లీటర్ల నీళ్లు పెట్టుకోండి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి రూట్ ముందే ఇంట్లో చెప్పి, ఏ టైమ్‌కి ఫోన్ చేస్తారో కూడా చెప్పండి. కాలువ గట్ల మీద చీకటి పడ్డాక అస్సలు వద్దు. దారి తెలీకపోతే మ్యాప్‌ని కాదు, చేలో మనిషిని అడగండి. దారితో పాటు మంచినీళ్లు కూడా దొరుకుతాయి.

మిగతావన్నీ మర్చిపోయినా పర్లేదు. కళ్లం దగ్గర మాత్రం బండి దిగి నడవండి. రెండొందల మీటర్లే కదా!