పనికిరాని పనికి ఓ బల్ల

నలభై అయిదేళ్ల మగవాడు బొమ్మకారు మీద మనసు పడితే దాని పేరు హాబీ. అదే ఈడు ఆడది ఓ బొమ్మ ముందేసుకుని కూచుంటే "ఇదేం చోద్యం, చిన్నపిల్లవా? పొయ్యి మీద పాలు చూసుకున్నావా?" అంటారు. ఈ తేడా సంగతేమిటో తేల్చుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మీ వారు వింటూండగా పైకి చదువుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

విజయనగరంలో మా ఆడపడుచు భర్త ఉన్నారు. బ్యాంకు ఉద్యోగం. సిగరెట్టు ముట్టరు, పేకముక్క పట్టరు. అంత బుద్ధిమంతుడికి ఉన్నట్టుండి ఓ పాతకాలపు అమెరికా కారు మీద మోజు పుట్టింది. 1965 నాటి ఫోర్డ్ మస్టాంగ్. కారు కాదు సుమండీ, కారు కిట్టు! పెట్టె తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకి అతుక్కుని చిన్నా పెద్దా ముక్కలుంటాయి. ఇంజను, సీట్లు, స్టీరింగు, చక్రాలు, పొగగొట్టం, అన్నీ వేరువేరుగా. కత్తిరించి, అరగదీసి, రంగులేసి, కాగితం మీద అంకెల ప్రకారం అతికించుకోవాలి. జిగురూ రంగులూ మళ్లీ మనమే కొనుక్కోవాలి. అసలు కారుని ఇరవై అయిదో వంతుకి కుదించిన కొలత. అసలుది పదిహేనడుగులుంటే ఇది ఏడంగుళాల పైచిలుకు. అంటే జానెడు.

ఈ కిట్లకీ ఓ చరిత్ర ఉందిట. ఏఎంటీ అనే అమెరికా కంపెనీ మొదట్లో కార్ల దుకాణాలవాళ్లకి ప్రచారం కోసం నమూనాలు చేసిచ్చేది. 1958 నుంచి వాటినే విడిభాగాలుగా పెట్టెల్లో పెట్టి పిల్లలకి అమ్మడం మొదలెట్టింది. ఆ రోజుల్లో వచ్చిన పెద్ద ఇంజన్ల కార్లని మజిల్ కార్లన్నారు. కండల కార్లన్నమాట. మస్టాంగ్‌ని ఆ జాతిలో కలపొచ్చా, కూడదా అని పండితులకి వాదమొకటి. అది గుర్రంపిల్ల జాతి అనీ, అందులో పెద్ద ఇంజను పెట్టినవే కండలవనీ ఓ పక్షం. మన ఇళ్లల్లో శాఖల తగవులు నయం.

సరే, ఆ కిట్టు కోసం అన్నయ్యగారు గంటస్తంభం నుంచి కోట దాకా ఉన్న బొమ్మల దుకాణాలన్నీ గాలించారు. విశాఖపట్నం వెళ్లారు. ఎక్కడ చూసినా తయారై ఉన్న ఇనప కార్లే గాని ముక్కల కారు లేదు. ఉండదు మరి. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో ఇరవై శాతం నుంచి అరవైకి, 2023లో డెబ్భైకి పెంచారు. 2021 జనవరి నుంచి ప్రభుత్వం వారి నాణ్యత ముద్ర లేనిదే బొమ్మ అమ్మకూడదన్నారు. మన పిల్లల నోట్లోకి విషపు రంగులు పోకుండా, మన బొమ్మల పని బతికేలా చేసిన ఏర్పాటది. మంచిదే. కాని అన్నయ్యగారికి కారు దొరకలేదు. ఫోనులో చూసి ఓ దుకాణానికి డబ్బు కడితే మూడు నెలలు తిప్పి వేరే బొమ్మ పంపారు. ఆయన రెండ్రోజులు అన్నం సహించక తిరిగారు.

చివరికి ఎవరు తెచ్చారనుకున్నారు? డాలస్ నుంచి శలవులకి వచ్చిన మేనకోడలు. ఆ పిల్లకి ఫోను చేసి పేరూ ఏడాదీ కొలతా చదివి రాయించింది మా వదిన. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని తెచ్చింది ఆ పిల్ల. తిరుగు ప్రయాణంలో దాని బరువుకి పదింతలు ఆవకాయా కందిపొడీ కట్టిచ్చిందీ మా వదినే. ఆయన మాత్రం వచ్చినవాళ్లందరికీ "ఎట్టకేలకి సాధించానండీ!" అని చెప్పుకున్నారు.

ఇంతవరకూ నాకు కోపం రాలేదు. కోపమొచ్చింది బల్ల దగ్గర.

జిగురు ఆరాలి, రంగు ఆరాలి, రెండో పూత వెయ్యాలి. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరా భోజనాల బల్ల ఆయనది. ఇంటిల్లిపాదీ కింద కూచుని తిన్నారు. "అదిగో, అటు చీపురు తేకు! పక్కద్దం పోయిందంటే మళ్లీ దొరకదు!" అని ఆయన కేకేస్తే పనిమనిషి ఎత్తుచేట పట్టుకుని నిలబడిపోయి, "ఏటమ్మా ఇది, పెసరపప్పు బద్దంత నేదు, దీనికింత గోలేటి?" అంది. దుమ్ములోంచి ఆ బద్దని వెతికి తీసింది కూడా ఆవిడే.

అదే ఇంట్లో మా వదిన కుట్టుమిషను ఉంది. పెళ్లైన ఏడాది కొన్నది. రోజూ మధ్యాహ్నం మంచం కింద నుంచి లాగుతుంది, సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేలోగా మళ్లీ తోసేస్తుంది. సగం కుట్టిన రవికె సగం కుట్టినట్టే మడిచి బీరువాలో పెడుతుంది. "ఇల్లంతా గుడ్డపేలికలేనా?" అన్న మాట పడకుండా ఉండాలి కదా! పాతికేళ్లలో ఒక్క రాత్రయినా ఆ పని పరిచింది పరిచినట్టు ఉంచుకున్న పాపాన పోలేదు.

ఇక్కడే నేను మిమ్మల్నందర్నీ అడుగుతున్నాను. మధ్యలో ఆపిన మీ పనిని ముట్టుకోకుండా వదిలే చోటు మీ ఇంట్లో రెండు చదరపు అడుగులైనా ఉందా? 1929లో వర్జీనియా ఉల్ఫ్ అనే ఇంగ్లీషు రచయిత్రి, రాసుకునే ఆడదానికి సొంత డబ్బూ సొంత గదీ కావాలంది. గది మాట దేవుడెరుగు, నేనడిగేది బల్ల.

"మీకు ముగ్గుల్లేవా? అల్లికల్లేవా? బొమ్మల కొలువు లేదా?" అంటారు వెంటనే. ఉన్నాయి నాయనా. ముగ్గు మర్నాటి పొద్దుటికి కళ్లాపిలో కలిసిపోతుంది. అల్లిక దిండుగలీబో, చంటిపిల్లాడి స్వెట్టరో కాకపోతే "టైము దండగ" అంటారు. బొమ్మల కొలువంటారా, పండక్కి మెట్లు కట్టి బొమ్మలు దించడం ఒక ఎత్తు, పేరంటానికొచ్చిన వాళ్లకి శనగలు నానబెట్టి పోపు పెట్టడం రెండో ఎత్తు. మనం ఆడుకునే ఆటలో కూడా పొయ్యి వెలగాల్సిందే! మగవాడి ఆటకి మాత్రం ఎవరికీ ఉపయోగపడాలన్న షరతు లేదు. ఆ జానెడు కారు ఎక్కి ఎవరూ అరసవిల్లి వెళ్లరు. అయినా దాన్ని అద్దాల బీరువాలో పెట్టి చుట్టాలకి చూపిస్తాం. నేను దాన్ని తప్పనడం లేదు. ఎవరికీ పనికిరాని పని, మనసుకి నచ్చింది గనక చేసే పని, మనిషికి అవసరం. ఆ మనిషిలో ఆడమనిషి కూడా ఉందా లేదా అన్నదే నా ప్రశ్న.

"తాగడు, తిరగడు, ఇంటిపట్టున ఉండి ఆడుకుంటున్నాడు, సంతోషించు" అంటారు పెద్దలు. సంతోషమే. కాని తాగకపోవడానికి బహుమానం భోజనాల బల్లయితే, పాతికేళ్లుగా తాగని మా వదినకి ఈపాటికి ఓ మేడ రావాలి!

లెక్కలు కూడా చెబుతాను, ఆడవాళ్లకి లెక్కలు రావంటారు గనక. మన దేశంలో ఇంటి చాకిరీ ఎవరు ఎంతసేపు చేస్తున్నారో ప్రభుత్వం వారు 2019లో ఒకసారి, 2024లో ఒకసారి లెక్క తీశారు. ఆ పనులు చేసేవాళ్ల సగటు చూస్తే 2019లో ఆడవాళ్లకి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లకి 97. 2024 నాటికి ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. అయిదేళ్ల ప్రగతి చూశారా? మనకి పది నిమిషాలు కలిసొచ్చాయి. పాపం, వాళ్లకీ తొమ్మిది నిమిషాలు కలిసొచ్చాయి! మిగిలిన తేడా మూడు గంటల ఇరవయ్యొక్క నిమిషాలు. అంత సమయముంటే కారేమిటి, రైలే అతికించొచ్చు.

ఈ తేడా పెళ్లినాడు మొదలయింది కాదు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె పట్టి, లక్కతో రంగులద్ది అక్కడి పనివాళ్లు చేసే బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్రం శకటం మీద ఢిల్లీ వీధుల్లో ఊరేగినవీ అవే. వాళ్ల పనితనానికి చేతులెత్తి దండం పెడతాను. కాని మన చిన్నప్పుడు మనకి కొనిచ్చిన లక్కపిడతలు ఏమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. బుల్లి పొయ్యి, బుల్లి రోలు, బుల్లి తిరగలి, బిందె, గిన్నె. అది కూడా కొలత కుదించిన నమూనాయే! మగపిల్లాడికి ఊరు దాటిపోయే కారుని కుదించి ఇచ్చాం, ఆడపిల్లకి వంటిల్లు కుదించి ఇచ్చాం. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వెళ్లి చూడండి, ఇవాళ్టికీ దుకాణంలో అటు కార్లు, ఇటు ప్లాస్టిక్ వంటసామాను. లక్క పోయి ప్లాస్టిక్ వచ్చింది గాని పంపకం మారలేదు.

మనకే కాదు లెండి. 1967లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ యుద్ధనౌకల ఆట ఒకటి అమ్మింది. అట్టపెట్టె మీద తండ్రీ కొడుకూ నవ్వుతూ ఆడుతుంటారు. వెనకాల వంటింట్లో తల్లీ కూతురూ అంట్లు కడుగుతుంటారు. ఆట పెట్టె మీదే అంట్లు!

అయితే అన్నయ్యగారి మస్టాంగ్ గురించి ఆయనకి తెలియని ముక్క ఒకటుంది. ఆ కారుని ఫోర్డ్ వాళ్లు లోకానికి చూపించింది 1964 ఏప్రిల్ 17న, న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో. అంతకి రెండ్రోజుల ముందే, పదిహేనో తారీఖున, చికాగోలో ఒకటి అమ్ముడుపోయింది. అమెరికాలో మొట్టమొదట మస్టాంగ్ కొన్న మనిషిగా పేరొచ్చింది ఎవరికో తెలుసా? ఇరవై రెండేళ్ల బడిపంతులమ్మకి. లేత నీలం రంగు, టాపు తీసేసే బండి. అసలు కారుని పంతులమ్మ తోలుకుపోతే, అరవయ్యేళ్ల తరవాత దాని నమూనా "మగపిల్లల సామాను" ఎలా అయిందో ఎవరైనా నాకు చెప్పాలి.

కనక నా మాట ఇది. మగవాళ్ల దగ్గర కార్లు లాక్కోమని కాదు. వచ్చే పుట్టినరోజుకి మీ కూతురికో మేనకోడలికో వంటసామాను కొనకండి, ముక్కలు అతికించేదేదైనా కొనండి. అమెరికా కారే అక్కర్లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుతో వీణలు చేస్తారు, బహుమతులిచ్చుకోడానికి బుల్లి వీణలూ చేస్తారు. ఆ బుల్లి వీణనే విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మితే ఎంత బాగుంటుంది! ఇరవై నాలుగు మెట్లూ ఒక్కోటీ వరసలో అతికించి, ఏడు తీగెలూ బిగించుకునే పిల్ల చేతికి ఓర్పూ వస్తుంది, కంటికి కొలతా వస్తుంది. ఎవరైనా పూనుకుంటే మొదటి పెట్టె నేనే కొంటాను.

ఇక మీ సంగతి. మీకు నచ్చిన పని ఒకటి మొదలెట్టండి. బొమ్మో, బొత్తాల పటమో, కథో, అగ్గిపుల్లల మేడో, ఏదయినా సరే. సాయంత్రం దాన్ని తియ్యకండి. సగంలో ఉన్నది సగంలోనే బల్ల మీద వదిలేసి పడుకోండి. ఎవరైనా "ఇది తీస్తావా?" అంటే "ఇంకా ఆరలేదండీ" అనండి. ఆ రాత్రికి భోజనం కింద కూచుని చెయ్యడం వాళ్లకీ అలవాటవుతుంది.