జెఫర్సన్ ఎవరి పక్షం? హైతీని అడుగుదాం (నాలుగో భాగం)



గత భాగం కింద ఒక తమ్ముడు పెట్టిన కామెంటుకు అక్కడే రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకోబుద్ధి కాలేదు. "హామిల్టన్ బ్యాంకుల మనిషి, జెఫర్సన్ రైతుల మనిషి. ఒకాయన ఇంగ్లండు వైపు, ఇంకొకాయన ఫ్రెంచి విప్లవం వైపు. మనం జెఫర్సన్ వైపే కదా అక్కా?" అన్నాడు.

అతనొక్కడి మాట కాదిది. పోటీ పరీక్షల గైడ్ల నుంచి మన స్టడీ సర్కిళ్ల దాకా అమెరికా తొలినాళ్ల చరిత్రను ఇలాగే రెండు వాటాలేసి పంచుతారు. నేను ఒప్పుకోను. ఫెడరలిస్టులు, రిపబ్లికన్లు విదేశాంగ విధానం మీద కొట్టుకున్నారు, నిజమే. ఆ కొట్లాటను లండన్ నుంచో పారిస్ నుంచో చూస్తే పెద్దమనుషుల పేచీయే కనిపిస్తుంది. సెయింట్ డొమింగ్ నుంచి చూడండి. ఇవాళ మనం హైతీ అంటున్న దేశం అదే.

1791 ఆగస్టులో అక్కడి చెరకు తోటల్లో బానిసలు తిరగబడ్డారు. ఆ ఫ్రెంచి వలసలో బానిసలు సుమారు ఐదు లక్షలు. అప్పుడు వాషింగ్టన్ మంత్రివర్గంలో హామిల్టన్ ఖజానా చూస్తున్నాడు, జెఫర్సన్ విదేశాంగం చూస్తున్నాడు. బ్యాంకు దగ్గర్నుంచి ప్రతిదానికీ తగువు పడే ఆ ఇద్దరికీ ఇక్కడ పెద్ద పేచీ రాలేదు. ఫ్రాన్సుకు అమెరికా తీర్చాల్సిన బాకీలోంచే డబ్బు తీసి, తోటల దొరలకు సాయం పంపారు. ఆయుధాలూ పంపారు.

రెండేళ్లు తిరక్కుండానే, 1793 ఏప్రిల్‌లో, ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ యుద్ధం వస్తే వాషింగ్టన్ తటస్థ ప్రకటన చేశాడు. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఒక మాట. తటం అంటే ఒడ్డు. తటస్థుడంటే ఒడ్డున నిలబడ్డవాడు. రాజ్యాల యుద్ధం ముందు ఒడ్డున నిలబడ్డ ఆ ప్రభుత్వమే, బానిసల యుద్ధం మొదలైనప్పుడు దొరల చేతికి తుపాకులు అందించింది.

ఆ తర్వాతి హడావుడి మీకు తెలిసిందే. ఫ్రెంచి రాయబారి జెనే వచ్చాడు, ఊరూరా డెమోక్రటిక్ క్లబ్బులు లేచాయి, జనం మూడు రంగుల బ్యాడ్జీలు పెట్టుకుని ఒకరినొకరు 'పౌరుడా' అని పిలుచుకున్నారు. 1794లో జాన్ జే ఇంగ్లండుతో ఒప్పందం చేసుకొస్తే వీధుల్లో ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టారు. దేశాన్ని ఇంగ్లండుకు అమ్మేశాడన్నది ఆరోపణ. అందులో న్యాయం లేకపోలేదు. అయితే దక్షిణాది దొరల కోపానికి ఇంకో కారణం ఉంది, అది గైడ్లలో ఉండదు. స్వాతంత్ర్య యుద్ధంలో వేలాదిమంది బానిసలు పారిపోయి బ్రిటిష్ సైన్యం పంచన చేరారు. 1783లో న్యూయార్క్ ఖాళీ చేసేటప్పుడు వాళ్లను తిరిగి అప్పగించడానికి బ్రిటిష్ సేనాని కార్ల్‌టన్ ఒప్పుకోలేదు. సుమారు 3,000 మంది పేర్లు ఒక పుస్తకంలో రాయించి ఓడలెక్కించాడు. వాళ్లలో హ్యారీ వాషింగ్టన్ ఒకడు. ఇంటిపేరు చూశారుగా, జార్జి వాషింగ్టన్ బానిసే. యజమాని స్వాతంత్ర్యం కోసం పోరాడుతుంటే అతను యజమాని నుంచి స్వాతంత్ర్యం తెచ్చుకుని నోవా స్కోషియా వెళ్లాడు, అక్కణ్ణించి సియెర్రా లియోన్. ఇలా పోయిన మనుషులకు నష్టపరిహారం ఇప్పించాలన్నది దొరల డిమాండు. జే దాన్ని వదిలేశాడు. దిష్టిబొమ్మ మంటల్లో ఆ కట్టెలు కూడా ఉన్నాయి.

1798 నాటికి ఆడమ్స్ ప్రభుత్వం ఫ్రాన్సుతో సముద్రం మీద అప్రకటిత యుద్ధంలోకి దిగింది. ఇంట్లో దేశద్రోహ చట్టం తెచ్చి విమర్శించినవాళ్లను జైల్లో పెట్టింది. మన కాలంలో ఆ చట్టం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అదే ప్రభుత్వం 1799లో, నల్లవాళ్ల సైన్యాన్ని నడిపిస్తున్న తూసాంతో వర్తకానికి చట్టంలో దారి తెరిచింది. తూసాం ప్రతినిధి బునెల్‌ను ఆడమ్స్ భోజనానికి కూర్చోబెట్టుకున్నాడు. 1800లో అమెరికన్ యుద్ధనౌక తూసాం శత్రువుల కోటలపై గుళ్లు కురిపించింది. ఇది ప్రేమ అని నేననను. న్యూ ఇంగ్లండు వర్తకులకు కాఫీ, చక్కెర కావాలి, ఫ్రాన్సు బలహీనపడాలి. పైగా తిరుగుబాటు జమైకాకూ అమెరికా దక్షిణాదికీ పాకకుండా తూసాం దగ్గర మాట తీసుకున్నారు.

మరి 'స్వేచ్ఛ' పార్టీ నాయకుడేమన్నాడు? 1799 ఫిబ్రవరి లేఖల్లో జెఫర్సన్ ఆ మనుషుల్ని నరమాంస భక్షకులన్నాడు. నల్ల నావికులు దక్షిణాది రేవుల్లో దిగుతారని కలవరపడ్డాడు.

ఆ కలవరానికి ఏడాదిన్నరలో రూపం వచ్చింది. రిచ్‌మండ్ దగ్గర గాబ్రియేల్ అనే కమ్మరి, బానిస, తిరుగుబాటుకు సిద్ధం చేశాడు. ఫ్రెంచివాళ్లను చంపొద్దని అనుచరులకు చెప్పాడని విచారణలో సాక్షులు చెప్పారు. రిపబ్లికన్లు పదేళ్లుగా తాగిన టోస్టులను ఆ కమ్మరి నిజమని నమ్మాడు! వర్జీనియా గవర్నరు మన్రో, జెఫర్సన్ శిష్యుడే. సుమారు పాతికమందిని ఉరి తీశారు. ఇక ఉరితీతలు చాలు అని మన్రోకు రాసింది కూడా జెఫర్సనే, అదీ చెప్పాలి. చాలు అన్నాడు, తప్పు అనలేదు.

ఆ ఏడాది చివర ఎన్నికలు. జెఫర్సన్‌కు 73 ఎలక్టోరల్ ఓట్లు, ఆడమ్స్‌కు 65. ఓటు లేని బానిసలను ఐదుగురికి ముగ్గురి చొప్పున లెక్కగట్టి దక్షిణాదికి ఇచ్చిన అదనపు బలం లేకపోతే ఆడమ్స్ గెలిచేవాడని చాలామంది చరిత్రకారులు లెక్కతేల్చారు. తూసాంను ఆకలితో మాడ్చడానికి సాయపడతామని 1801లో ఫ్రెంచి ప్రతినిధితో అన్న అధ్యక్షుడు ఆ లెక్కతో గద్దెనెక్కినవాడే. నెపోలియన్ సైన్యం కన్ను లూసియానా మీద కూడా ఉందని తెలిశాకే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. హైతీ జనం, పచ్చజ్వరం కలిసి ఆ సైన్యాన్ని మట్టుపెట్టారు. విసిగిపోయిన నెపోలియన్ 1803లో లూసియానాను కోటిన్నర డాలర్లకు అమ్మేశాడు. అమెరికా విస్తీర్ణం రెట్టింపైంది. ఆ మేలుకు బదులుగా 1806లో జెఫర్సన్ ప్రభుత్వం హైతీతో వర్తకాన్నే నిషేధించింది.

"కాలం అలాంటిది అక్కా" అని ఎవరో ఒకరు అంటారు. ఎవరి కాలం? 1791లోనే హైతీ తిరుగుబాటుదారుల పక్షాన పత్రికలో వ్యాసాలు రాసిన అబ్రహాం బిషప్ కనెక్టికట్ వాడు, తర్వాత జెఫర్సన్ పార్టీలోనే పనిచేశాడు. చర్మం రంగు వేరనే నేరానికి వాళ్లను శిక్షిస్తున్నారని 1806లో జెఫర్సన్‌కే ఉత్తరం రాసిన పికరింగ్, ఫెడరలిస్టు. పికరింగ్‌ను నెత్తిన పెట్టుకోమనడం లేదు. న్యూ ఇంగ్లండును దేశం నుంచి విడగొట్టాలని కుట్ర పన్నినవాడతను. అయినా ఆ మాట ఆ కాలంలోనే, జెఫర్సన్ చేతికే అందింది.

ఫూలే 1873లో 'గులాంగిరి'ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. బానిసత్వాన్ని తొలగించినందుకు ఇచ్చిన అంకితం అది. హైతీని అమెరికా గుర్తించింది కూడా 1862లో, దక్షిణాది దొరలు కాంగ్రెసు కుర్చీలు ఖాళీ చేసి యుద్ధానికి పోయాకే.

కాబట్టి తమ్ముడూ, జెఫర్సన్ వైపా హామిల్టన్ వైపా అంటే నేను చెప్పను. గాబ్రియేల్ వైపు, హ్యారీ వైపు ఎవరున్నారో చెప్పు, మాట్లాడుకుందాం. వచ్చే భాగంలో లూసియానా నేలలో పత్తి ఎవరు నాటారో చూద్దాం.